నీళ్ళాయన ఎడమ కాలు

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, ఉద్యోగం కాగితాల్లోనూ, ఆ తర్వాత ఆసుపత్రి ఫైల్లోనూ తప్ప అది ఎక్కడా పెద్దగా పనికి రాలేదు. పాలు తెచ్చేవాడు పాలాయన అయినట్టే, కుళాయిలకి నీళ్ళు వదిలేవాడు నీళ్ళాయన అయ్యాడు. ఊరికి పడమటి వైపున్న పధ్నాలుగు వీధులకి ముప్పై ఒక్క ఏళ్ళపాటు ఆయన చెయ్యి తిరిగితేనే నీళ్ళు.

తెల్లవారుజామున నాలుగున్నరకి వాటర్ వర్క్స్ ఆఫీసులో సంతకం పెట్టి, గుండెల ఎత్తున్న ఇనుప రాడ్డు భుజాన వేసుకుని బయల్దేరేవాడు. వీధి మధ్యలో ఉన్న ఇనుప మూత ఎత్తడం, రాడ్డు లోపలికి దించడం, పైనున్న అడ్డకమ్మీ రెండు చేతులతో పట్టుకుని వాల్వు తిప్పడం, ఇదీ పని. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఏ వాల్వుకి ఎన్ని చుట్లో, ఏది ఎదురు తిరుగుతుందో, ఏది మొండికేస్తే రెండు దెబ్బలు తినిగానీ కదలదో, ఏ వీధి ఎత్తు మీదుంది కాబట్టి ముందు వదలాలో ఎక్కడా రాసి లేదు. అంతా ఆయన చేతుల్లోనే ఉండేది. పైగా చెవి ఒకటి. రాడ్డు ఒక కొస గొట్టం మీద ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. భూమిలో ఎక్కడ గొట్టం చిల్లుపడి నీరు కారుతోందో చెప్పేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు చెప్పింది చెప్పినట్టే ఉండేది. మిగతా రెండుసార్లు రోడ్డు తవ్వినవాళ్ళు ఆయన్ని తిట్టుకునేవాళ్ళు, ఆయనా వాళ్ళతో కలిసి మట్టి పూడ్చేవాడు.

యాభై ఎనిమిదో ఏట రిటైరయ్యాడు. అరవై ఒకటో ఏట ఓ ఉదయం గడ్డం గీసుకుంటుంటే దవడ కింద ఉసిరికాయంత బిళ్ళ చేతికి తగిలింది. నొప్పి లేదు, జ్వరం లేదు. నొప్పిలేనిది రోగమెలా అవుతుందని నెల్లాళ్ళు తాత్సారం చేశాడు. తీరా ముక్క తీసి పరీక్ష చేస్తే లింఫోమా అన్నారు. ఒంట్లో బిళ్ళలు కట్టే చోట్ల పుట్టే క్యాన్సరు, అందులో నిదానంగా పెరిగే రకం. మూడు వారాలకోసారి చొప్పున ఆరుసార్లు సెలైన్లో మందు ఎక్కించారు. జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. ముందుకంటే నల్లగా వచ్చిందని ఆయన బావమరిది ఊరంతా చెప్పాడు. బిళ్ళలు కరిగిపోయాయి. ఐదున్నరేళ్ళు హాయిగా గడిచాయి. ఆరునెలలకోసారి ఆసుపత్రికి వెళ్ళి రావడం కూడా కరెంటు బిల్లు కట్టి రావడమంత మామూలైపోయింది.

అలాంటి ఓ మామూలు పరీక్షలోనే డాక్టరమ్మ స్కాన్ కాగితం టేబుల్ మీద పెట్టి, కళ్ళజోడు తీసి, "తిరిగొచ్చింది" అంది. ఆమెకి మాట నాన్చే అలవాటు లేదు.

ఆ గదిలో ముగ్గురున్నారు. నీళ్ళాయన, ఆయన భార్య, ఆమె తమ్ముడైన బావమరిది. ఈ బావమరిది స్కూలు బస్సు డ్రైవరు. పిల్లల్ని దింపాక పదింటి నుంచి మూడింటి దాకా ఖాళీ కాబట్టి, బావ ఆసుపత్రి ప్రయాణాలన్నీ ఆ వేళల్లోనే పడేవి.

నీళ్ళాయన, "అయితే మళ్ళీ ఆ సెలైన్లు ఎప్పట్నించమ్మా?" అన్నాడు.

"ఇప్పుడేం వద్దు."

"వద్దా?"

"వద్దు. పొట్టలో, చంకల్లో చిన్న చిన్న బిళ్ళలున్నాయి. మీకు బాధేం లేదు, రక్తం బాగానే ఉంది. ఇప్పుడే మందు మొదలుపెడితే మందు వల్ల వచ్చే బాధలు ముందొస్తాయి తప్ప, మీకు ఒరిగేదేం ఉండదు. చూస్తూ ఉందాం. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి."

బావమరిదికి ఇది మింగుడు పడలేదు. "అదేంటి డాక్టరుగారూ, దొంగ ఇంట్లోకొచ్చాడంటారు, పట్టుకోవద్దంటారు!"

డాక్టరమ్మ నవ్వింది. "వచ్చాడు, వసారాలో కూర్చున్నాడు. ఏమీ ముట్టుకోవడం లేదు. ఇప్పుడు మీరు కర్ర తిప్పితే వాడికంటే మీ సామానుకే దెబ్బలెక్కువ తగుల్తాయి. లేచి లోపలికి అడుగేశాడా, అప్పుడు చెప్పండి, నేను చూసుకుంటాను." తర్వాత నవ్వు ఆపి, నీళ్ళాయన వైపు తిరిగి ఒక్కొక్కటీ చెప్పింది. కారణం లేకుండా జ్వరం రావడం. బట్టలు మార్చుకోవాల్సినంతగా నిద్దట్లో చెమట పట్టడం. తిండి తగ్గించకుండానే బరువు తగ్గడం. కొత్త బిళ్ళ కట్టడం, ఉన్నది ఉన్నట్టుండి పెరగడం. ఎంత పడుకున్నా తీరని నీరసం. ఆయాసం. రెండు ముద్దలకే పొట్ట నిండిపోవడం. ఒక కాలో చెయ్యో వాయడం. "వీటిల్లో ఏదొచ్చినా మూడు నెలల తారీకు దాకా ఆగకండి. ఫోన్ చెయ్యండి. అదే కాకపోవచ్చు. అవునో కాదో తేల్చేది మాత్రం నేను, మీరు కాదు. సరేనా?"

"సరేనమ్మా" అన్నాడాయన, బళ్ళో పిల్లాడిలా.

ఇంటికొచ్చాక ఆయన భార్య ఆ ఎనిమిదీ ఓ అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపుకి అంటించింది. బరువు చూసే మిషను కొనుక్కొచ్చి మంచం పక్కన పెట్టింది. సోమవారం సోమవారం ఆయన దాని మీద నిలబడాలి. "చెప్పులిప్పి ఎక్కండి", "జేబులో తాళాలు తీసెయ్యండి", "ఊపిరి బిగబట్టకండి, బరువుకేం తేడా రాదు" అని ఆమె పక్కనే నిలబడి సూచనలిచ్చేది. పక్క ఊళ్ళో టీచరుగా ఉన్న కూతురు రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "జ్వరం? చెమట? బరువు?" అని మూడు ముక్కలడిగి, ఆ తర్వాతే "ఎలా ఉన్నావు నాన్నా?" అనేది. ఆయన తుమ్మితే ఇంట్లో ఉన్నవాళ్ళంతా తలెత్తి చూసేవాళ్ళు. ఎండలో నడిచొచ్చి చెమట తుడుచుకుంటే భార్య మొహం పాలిపోయేది. "ఇది ఎండ చెమటే!" అని ఆయన ప్రమాణం చేసినంత పని చెయ్యాల్సొచ్చేది.

రెండో నెలలో దవడ కింద మళ్ళీ బిళ్ళ తేలింది. తెల్లారేసరికి చెంప కూడా ఉబ్బింది. బావమరిది స్కూలు వాళ్ళకి సెలవు చెప్పి, ఎవరిదో కారు అడిగి తెచ్చి, బావని వెనక సీట్లో కుండ పెట్టినట్టు జాగ్రత్తగా కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ బిళ్ళ నొక్కి చూసింది, నోరు తెరవమంది, టార్చి వేసింది. "వెనక పన్ను పుచ్చిపోయింది. చీము పట్టి బిళ్ళ కట్టింది. పక్క బిల్డింగులో పళ్ళ డాక్టరున్నాడు, వెళ్ళండి" అంది. ఆ మాట వెనకే ఇంకో మాట కూడా అంది. "వచ్చి మంచి పని చేశారు. ఉత్తినే వచ్చామనుకోవద్దు."

ఆ రెండో మాట ఆయనకి సరిగ్గా వినపడలేదు. ఎందుకంటే అప్పటికే బావమరిదికి నవ్వు ఆగడంలేదు. భయం దిగిపోయినప్పుడు వచ్చే నవ్వది, తప్పు పట్టాల్సింది కాదు. కానీ వారం రోజులపాటు ఎదురైనవాడికల్లా, "మా బావ పుచ్చు పన్ను తీసుకెళ్ళి క్యాన్సరు డాక్టరుకి చూపించాడయ్యా!" అని చెప్పాడు. విన్నవాళ్ళు నవ్వారు. నీళ్ళాయన కూడా నవ్వాడు. నవ్వాడు గానీ లోపల చిన్న ముల్లు దిగింది. ఇంతమందిని హడలగొట్టి, ఒకడి పని చెడగొట్టి, ఆఖరికి తేలింది పన్నా? ఇంకోసారి చూసుకుని గానీ నోరు విప్పకూడదనుకున్నాడు.

నడవమని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి సాయంత్రాలు నడక మొదలుపెట్టాడు. మొదట్లో పార్కులో నడిచాడు. గుండ్రంగా తిరిగిన చోటే తిరగడం ఆయనకి నచ్చలేదు. నాలుగో రోజున కాళ్ళు వాటంతటవే పాత దారి పట్టాయి.

బేకరీ మూల మొదటి వాల్వు. ఇప్పుడక్కడ బేకరీ లేదు, ఫోన్లు బాగుచేసే కొట్టుంది. కానీ ఆ మూలకి రాగానే కాల్చిన పిండి వాసన ముక్కుకి తగిలినట్టే అయింది. బేకరీ ఆయన పొయ్యి ముందు బనీనుతో నిలబడి, అంచు మాడిన బన్ను ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. అంచు మాడకపోతే ఇచ్చేవాడు కాదు. "మంచిది అమ్ముకోవాలి కదయ్యా!" అనేవాడు. ఇరవై ఏళ్ళు ఆయన చేతి మాడు తిన్నాడు నీళ్ళాయన. మాడు లేని బన్ను ఎలా ఉంటుందో చూద్దామని ఆ తర్వాత కొని తింటే చప్పగా అనిపించింది.

నాలుగో వీధిలో రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారిల్లు. ఆవిడ వీధి దీపం కింద మెట్టు మీద కూర్చుని, పక్కన బకెట్టు పెట్టుకుని, నిన్నటి పేపరు చదువుతూ ఉండేది. నీళ్ళు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆఫీసుకి ఉత్తరం రాసేది. అలాంటి ఉత్తరాలు నలభై దాకా ఆయన ఫైల్లో ఉండేవి. ఆవిణ్ణి చూస్తే మొదట్లో ఒళ్ళు మండేది. రానురాను ఆవిణ్ణి చూసి తన వాచీ సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన రిటైరైన రోజు ఆఫీసుకి ఇంకో ఉత్తరం వచ్చింది. "ఇతను మొత్తం మీద వేళకే వచ్చాడు" అని ఒక్క వాక్యం. ఆ 'మొత్తం మీద' అన్న మాట తలచుకుని ఇప్పుడు ఆ మెట్టు ముందు నిలబడి ఆయన ఒక్కడే నవ్వుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరో కొత్తవాళ్ళున్నారు. మెట్టు మీద పూలకుండీలు పెట్టారు.

ప్రింటింగ్ ప్రెస్సు వెనక వీధికి వచ్చేసరికి నడక నెమ్మదించేది. వానలు పడని ఓ ఏడాది మూడు రోజులకోసారి నీళ్ళు వదిలేవాళ్ళు. అప్పుడే ఎక్కడో పెద్ద గొట్టం చిట్లింది. ట్యాంకు నిండినంతసేపట్లో ఖాళీ అవుతోంది. ఇంజనీర్లు మూడు చోట్ల తవ్వారు, మూడు చోట్లా పొడి మట్టే. నీళ్ళాయన రెండు రోజులు రాడ్డు చెవికి ఆనించుకుని వీధులు తిరిగాడు. రెండో రోజు అలసిపోయి ఈ వీధిలోని బార్బరు షాపులో కుర్చీ మీద కూలబడితే, ఎదురుగా అద్దంలో తన మొహం సన్నగా వణుకుతోంది. చెయ్యి చూసుకున్నాడు, వణకడం లేదు. అద్దమే వణుకుతోంది. "ఈ గుమ్మం కింద తవ్వండి" అన్నాడు. నాలుగడుగులు తవ్వేసరికి నీళ్ళు మనిషెత్తున లేచాయి. ఇంజనీరు తడిసి ముద్దై కూడా ఆయన చెయ్యి వదల్లేదు. మూడు రోజుల నుంచి చుక్క నీరు చూడని జనం బిందెలు, గిన్నెలు, టీ గ్లాసులు కూడా పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. బార్బరు మాత్రం గుమ్మం మీద కూర్చుని, "నా గుమ్మం ఎవడు కట్టిస్తాడు?" అని అరుస్తూనే ఉన్నాడు.

ఇప్పుడా వీధి నిండా తారు. మూతలన్నీ దాని కింద పూడిపోయాయి. అయినా ఆయన అరికాలికి ఎక్కడెక్కడ ఏ వాల్వు ఉందో తెలుసు. పంపుహౌసులో ఇంకా పని చేస్తున్న పాత స్నేహితుడొకడు చెప్పాడు, ఇప్పుడంతా మోటార్ల మీద నడుస్తుందనీ, ఆఫీసులో ఒకమ్మాయి కంప్యూటరు తెర ముందు కూర్చుని మీట నొక్కితే వీధులకి నీళ్ళొస్తాయనీ. "నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా?" అని ఆయన ఆశగా అడిగాడు. "మనప్పటికంటే బాగానే వస్తున్నాయిరా" అన్నాడు స్నేహితుడు. సంతోషించాల్సిన మాటే. ఎందుకో ఆ రోజు ఇంటికొచ్చి సరిగ్గా తినలేదు. భార్య బీరువా మీది అట్ట వైపు చూసింది.

ఆ నడకల మధ్యలోనే ఎడమ చీలమండ బరువెక్కడం మొదలైంది. సాయంత్రానికి ఉబ్బేది, తెల్లారేసరికి దిగిపోయేది. ఎక్కువ నడిచాననుకున్నాడు. వారం గడిచేసరికి తెల్లారినా దిగడం మానేసింది. బొటనవేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట తీరిగ్గా పూడేది. అట్టముక్క మీద ఎనిమిదో లైను ఆయనకి తెలుసు. రోజూ దాని ముందే చొక్కా వేసుకునేవాడు. అయినా ఆ లైను దగ్గరికి రాగానే పుచ్చు పన్ను గుర్తొచ్చేది. 'నడిచే మనిషికి కాలు వాయదా? దీనికీ పరిగెత్తితే జనం ఏమనుకుంటారు?' అని సర్దిచెప్పుకునేవాడు. ఎడమ చెప్పు పట్టీ ఒక కన్నం వదులు చేశాడు. తర్వాత ఇంకొకటి. కన్నాలైపోయాక మేకుతో కొత్తది పొడుచుకున్నాడు. ప్యాంటు చీలమండ కప్పేలా కిందికి జార్చి వేసుకున్నాడు. భూమిలో దాగిన చిల్లు పట్టుకునే మనిషి, చాప కింద నీరులా వస్తున్నదాన్ని చాప మీద కూర్చుని మరీ దాచాడు. నడక పధ్నాలుగు వీధుల నుంచి ఆరుకి, ఆరు నుంచి మూడుకి తగ్గింది. మిగతా సేపు కల్వర్టు గోడ మీద కూర్చుని ఇంటికొచ్చేవాడు.

అలా ఐదు వారాలు గడిచాయి. కుడి చెప్పు అట్ట ఊడిపోయిందని ఆయన భార్య రెండు చెప్పులూ సంచిలో వేసుకుని బస్టాపు దగ్గర చెప్పులు కుట్టే ముసలాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, ఇవి ఒకరివా, ఇద్దరివా?" అన్నాడు.

"ఇద్దరివెందుకవుతాయి? మా ఆయనవే."

"కుడిదానికి మూడో కన్నం అరిగింది. ఎడమదానికి కన్నాలు చాలక మేకు పెట్టి పొడిచారు. పట్టీ కూడా సాగిపోయింది. ఆయన ఎడమ కాలు చూశారా మీరు?"

ఆమె చెప్పులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. నీళ్ళాయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు, ఎడమ కాలు స్టూలు మీద పెట్టి, దాని మీద తువ్వాలు కప్పి.

"తువ్వాలు తియ్యండి."

"ఏం, ఉతకాలా?"

"తియ్యండి."

తీశాడు. మోకాలి కింద నుంచి కాలు స్తంభంలా ఉంది, చర్మం నిగనిగలాడుతోంది. ఆమె కింద కూర్చుని రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసింది.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది మీ వరస. అట్ట మీద పెద్దక్షరాలతో రాసి పెట్టింది ఎవరికి? బీరువాకా? రోజూ మీ మొహం చూసి మీ ఒంట్లో ఏముందో వెతుక్కుంటున్నాను. మీరేమో కాలికి తువ్వాలు కప్పుకున్నారు!"

"నడక వల్లే అనుకున్నానే..."

"అనుకోవడం మీ పని కాదని ఆవిడ చెప్పలా?"

ఆయన తలొంచుకున్నాడు. "మళ్ళీ పన్నులాంటిదే అవుతుందేమోనని. అందరూ నవ్వుతారని."

ఆమె కోపం ఆ మాటతో కన్నీళ్ళయింది. "నవ్వనివ్వండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు. నాకు నవ్వొచ్చిందా ఆ రోజు? ఆ రోజు నేను నవ్వడం మీరు చూశారా?"

ఆయన గుర్తు తెచ్చుకున్నాడు. లేదు, ఆమె నవ్వలేదు. పళ్ళ డాక్టరు దగ్గర బెంచీ మీద ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆమే ఫోన్ చేసింది. అవతల నర్సు రెండు ప్రశ్నలడిగి, "ఒక్క కాలేనా? అయితే రేపు కాదమ్మా, ఇప్పుడే తీసుకురండి. రక్తం గడ్డకట్టిందేమో ముందు చూడాలి" అంది.

ఆ రోజు బావమరిది దారంతా నోరు విప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక అతను ఇరవై నిమిషాలు మాట్లాడకుండా ఉన్నది అదే మొదటిసారి. ఆసుపత్రి గేటు దగ్గర బండి ఆపి, ముందుకే చూస్తూ, "బావా, ఆ పన్ను సంగతి... నా నోటి దూలకి నువ్వు..." అని ఆగిపోయాడు.

"ఊరుకోరా. నవ్వించావు, నవ్వాను. దాచింది నేను కదా."

"ఇంకెప్పుడూ అనను."

"అనకపోతే నాకు తోచదురా. లోపలికి పద."

కాలికి స్కాన్ చేశారు. రక్తం గడ్డకట్టలేదు. పొట్టకి చేస్తే ఎడమ గజ్జల పైన లోపల బిళ్ళలు గుత్తిలా పెరిగి కాలి నుంచి రక్తం పైకొచ్చే దారిని నొక్కుతున్నాయని తేలింది. డాక్టరమ్మ అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

ముప్పై ఏళ్ళు ఊరికి నీళ్ళు వదిలిన మనిషి ఆ గదిలో నీళ్ళు నమిలాడు. "ఐదు వారాలమ్మా" అన్నాడు చివరికి.

ఆమె కేకలెయ్యలేదు. "మీరు పదిసార్లు పన్ను నొప్పితో వచ్చినా నాకు విసుగు రాదు. ఇలాంటిది పెట్టుకుని ఒక్కరోజు ఇంట్లో కూర్చుంటే వస్తుంది" అంది. తర్వాత విషయం విడమరిచి చెప్పింది. ఈ నిదానం రకం ఒక్కోసారి స్వభావం మార్చుకుని వేగంగా పెరిగే రకంగా తిరుగుతుంది. తిరిగిందో లేదో కాగితాలు చూసి చెప్పలేం, ముక్క తీసి చూడాల్సిందే. తీశారు. ఫలితానికి తొమ్మిది రోజులన్నారు.

ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో గడియారం తప్ప ఏదీ మామూలుగా నడవలేదు. బావమరిది రోజూ పదింటికి వచ్చి కూర్చునేవాడు. ఏం మాట్లాడాలో తెలియక, "బావా, ఆ బార్బరు షాపు కథ చెప్పు" అనేవాడు. వందసార్లు విన్న కథే. నీళ్ళాయన చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ నీళ్ళు ఇంకో అడుగు పైకి లేచేవి. వంటింట్లోంచి భార్య, "మొన్న మనిషెత్తన్నారు, ఇవాళ మేడెత్తయిందే!" అనేది. ముగ్గురూ నవ్వేవాళ్ళు, ఆ వెంటనే ముగ్గురి చూపూ ఫోను వైపు వెళ్ళేది. ఓ మధ్యాహ్నం బావమరిది వెళ్ళిపోయాక ఆయన భార్యతో, "అప్పుడు ఆ గొట్టం దొరక్కపోతే ఏమయ్యేదో ఎప్పుడూ ఆలోచించలేదు. రెండు రోజులూ దొరుకుతుందనే తిరిగాను. ఇప్పుడా ధైర్యం రావడం లేదే" అన్నాడు. ఆమె ఆయన కాలికింద దిండు సరిచేసి పక్కనే కూర్చుంది.

పదో రోజు డాక్టరమ్మే ఫోన్ చేసింది. రకం మారలేదు. అదే పాత నిదానం రకం. కాకపోతే ఇక చూస్తూ కూర్చునే దశ దాటింది కాబట్టి మందు మొదలుపెట్టాలి. వచ్చే వారం నుంచే.

మందు ఎక్కించుకోవాలన్న వార్తకి ఓ ఇంట్లో అంత సంబరం మరెప్పుడూ జరిగి ఉండదు. భార్య ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుని నిలబడింది. బావమరిది వెక్కి వెక్కి ఏడ్చి, ఆ తర్వాత బావ మీద విరుచుకుపడ్డాడు. "ఇంకోసారి తువ్వాలు కప్పావంటే ఆ తువ్వాలుతోనే కట్టి బస్సులో వేసుకుపోతాను, స్కూలు పిల్లల పక్కన!"

ఈసారి మందు వేరు, సెలైను కొంత, మాత్రలు కొంత. సులువేం కాదు. నోరు చేదెక్కింది, రెండుసార్లు జ్వరమొచ్చి పడుకున్నాడు, ఒకసారి ఆసుపత్రిలోనే నాలుగు రోజులుండాల్సొచ్చింది. కానీ రెండో నెల చివర్లో కాలి మీద ఎముక మళ్ళీ కనిపించింది. మూడో నెలకి రెండు కాళ్ళూ ఒక మనిషివే అనిపించాయి. ఏడాది పూర్తయ్యాక స్కాన్లో బిళ్ళలు చాలావరకు కరిగాయి. పూర్తిగా పోయిందని డాక్టరమ్మ అనలేదు, ఆయనా అడగలేదు. మళ్ళీ చూస్తూ ఉండడమే.

ఈసారి చూడ్డం మాత్రం వేరేగా ఉంది. ఏదైనా తేడా కనిపిస్తే రెండు రోజులు ఆగకుండా ఆయనే ఫోన్ చేసేవాడు. "చెప్పండి బాబాయ్ గారూ, ఈసారి ఏంటి?" అనేది నర్సు, గొంతు గుర్తుపట్టి. ఓసారి దోమకాటు. ఓసారి కొత్త చొక్కా కాలరు ఒరుసుకుని తేలిన దద్దురు. ఓసారి రెండు కిలోల బరువు తగ్గడం. దానికి రక్తపరీక్ష చేసి ఏం లేదన్నారు. "ఏం లేదంటే అంతకంటే ఏం కావాలి?" అనేది భార్య. తుమ్మితే తలెత్తి చూడడం తగ్గించింది. పూర్తిగా మానలేదు.

నడకకి ఇప్పుడు ఇద్దరూ కలిసి వెళ్తున్నారు. ఆయన వీధుల్ని ఆమె ఆయన వెంట నడిచి ఎప్పుడూ చూసింది కాదు. ఆయన పని చేసిన రోజుల్లో తెల్లవారుజామున ఆమె ఇంట్లోనే ఉండేది. అందుకని ఆయన ఒక్కొక్క మూలా చూపించి చెబుతుంటే కొత్త ఊరు చూస్తున్నట్టు చూసేది. ఓ రోజు పధ్నాలుగు వీధులూ ఆగి ఆగి తిరిగి, చివరి వీధికి, అంటే తమ వీధికి, చేరుకున్నారు. మలుపు దగ్గర రోడ్డు మీద ఒకచోట కాలితో తట్టి, "ఇదే ఆఖరి వాల్వు" అన్నాడు.

ఆమె ఆగిపోయింది. "ఆగండి. ముప్పై ఏళ్ళ నుంచి అడుగుదామనుకుంటున్నాను. నీళ్ళు వదిలే మనిషి పెళ్ళాన్ని, నా కుళాయికి ఊళ్ళో అందరికంటే ఆఖర్న నీళ్ళొచ్చేవి. పక్కింటావిడ నన్ను ఎన్నెన్ని మాటలందో తెలుసా? సొంత వీధని మాట రాకూడదని ఆఖర్న పెట్టారు, అంతేగా?"

"అందరూ అలాగే అనుకున్నారు. ఆఫీసర్లు కూడా మెచ్చుకున్నారు."

"కాదా మరి?"

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "మన వీధి వాల్వు తిప్పితే నీళ్ళు మనింటికి చేరడానికి ఆరు నిమిషాలు. నేను నడిచి రావడానికీ ఆరు నిమిషాలే. కుళాయి బుస్సుమనగానే నువ్వు టీ పెట్టేదానివి. ఆఖర్న తిప్పితే నీళ్ళూ నేనూ ఒక్కసారే ఇంటికొస్తాం కదా అని."

ఆమె ఆ వాల్వు ఉన్నచోట తనూ ఓసారి కాలితో తట్టింది.

"ఎన్నిసార్లు చల్లారిపోయిందో ఆ టీ. దార్లో ఎవరితోనో కబుర్లు పెట్టుకునేవారు మీరు."

"అదీ నిజమే" అన్నాడు నీళ్ళాయన.